ట్యాబ్ కన్నా ముందు పెన్ను చూడండి



"పెన్నుతో రాసే ట్యాబ్ కొందామనుకుంటున్నాం. ఏది తీసుకోమంటారు?" పేరెంట్స్ మీటింగుల్లో ఈ మధ్య తరచుగా వినిపించే ప్రశ్న ఇది. అడిగేవాళ్లు రెండు మూడు పేర్లు ముందే అనుకుని వస్తారు. ఐప్యాడా, శాంసంగా, ఇరవై వేల లోపు దొరికే మరొకటా? ర్యామ్, కెమెరా, తెర సైజు అన్నీ పోల్చి ఉంటారు. పెన్ను సంగతి మాత్రం "అది కూడా పనిచేస్తుందట" అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది.

రాయడానికే ట్యాబ్ కొంటుంటే ఈ వరస తిరగబడాలి. ముందు పెన్ను, ఆ తర్వాతే ట్యాబ్. ముప్పై, నలభై వేలు పెట్టి కొన్న వస్తువు మీద రాయడం పిల్లలకు ఇబ్బందిగా ఉంటే వారం తిరక్కుండా పెన్ను డ్రాయర్‌లోకి వెళ్తుంది, ట్యాబ్ వీడియోలు చూసే పెట్టె అవుతుంది. ఏదో ఒక బ్రాండు పేరు చెప్పి అదే కొనమనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. షాపులో నిలబడి మీరే తేల్చుకోగలిగేలా కావలసిన విషయాలు ఇక్కడ ఇస్తున్నాం.

చూడటానికా, రాయడానికా?

మొదట ఇంట్లో కూర్చుని ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోండి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. అవి 8.7 అంగుళాల తెర ఉన్న శాంసంగ్ ట్యాబ్ ఏ7 లైట్ ట్యాబ్‌లు. పాఠాలు వీడియోల్లో చూడటం, ప్రశ్నలకు వేలితో జవాబు గుర్తించడం వాటి పని. ఆ పనికి పెన్ను అవసరం లేదు. మీ ఇంట్లో అవసరం కూడా అంతవరకే అయితే పెన్ను కోసం అదనంగా ఖర్చు పెట్టకండి. తక్కువ ధరలో మంచి తెర ఉన్న ట్యాబ్ చాలు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే అదీ అక్కర్లేదు.

లెక్కలు చేయడం, బొమ్మలు గీయడం, నోట్స్ రాయడం, వర్క్‌షీటు పీడీఎఫ్ మీద నేరుగా జవాబులు నింపడం మీ అవసరమైతే అప్పుడు పెన్ను ముఖ్యం.

అయితే ఒక విషయం మరవకండి. పదో తరగతి, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు కాగితం మీదే రాయాలి. నీట్‌కు ఓఎంఆర్ షీటు నింపాలి. కంప్యూటర్ మీద జరిగే జేఈఈ మెయిన్‌లో కూడా రఫ్ వర్క్ చేయాల్సింది పెన్నూ కాగితంతోనే. కాబట్టి ట్యాబ్ ఎంత మంచిదైనా నోట్‌బుక్‌కు తోడుగా ఉండాలే తప్ప దాని చోటు తీసుకోకూడదు. మూడు గంటలు ఆగకుండా రాసే ఓపిక చేతికి కాగితం మీద సాధన చేస్తేనే వస్తుంది.

తెర మీద రాసినా అది చేతిరాతే

"తెర మీద రాస్తే చేతిరాత పాడైపోదా?" అని కొందరి భయం. నార్వే సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయంలో ఆడ్రీ వాన్ డెర్ మీర్, ఆమె సహ పరిశోధకుడు కలిసి చేసిన ఒక అధ్యయనం 2024 జనవరిలో వచ్చింది. 36 మంది విద్యార్థుల తలకు 256 సెన్సర్లున్న వల లాంటిది తొడిగి, ఒకే మాటను చేత్తో రాసినప్పుడు, కీబోర్డు మీద కొట్టినప్పుడు మెదడులో ఏం జరుగుతోందో చూశారు. చేత్తో రాసినప్పుడు మెదడులోని వేర్వేరు భాగాల మధ్య సంబంధాలు చాలా విస్తృతంగా కనిపించాయి. టైపు చేసినప్పుడు అలా కనిపించలేదు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ విద్యార్థులు రాసింది కాగితం మీద కాదు, టచ్ తెర మీద డిజిటల్ పెన్నుతో. అక్షరం రూపాన్ని వేళ్లు తీర్చిదిద్దడమే అసలు పని, కింద ఉన్నది కాగితమా గాజా అన్నది తర్వాతి మాట. అలాగని పెన్ను ట్యాబ్ కొంటే మార్కులు పెరుగుతాయని దీనర్థం కాదు. ఆ అధ్యయనం మార్కులను కొలవలేదు. టైపింగ్‌కు, రాయడానికి తేడా ఉందని మాత్రం చెప్పింది. ఆ తేడా దక్కాలంటే పెన్ను నిజంగా రాసేదై ఉండాలి.

పెన్నుల్లో మూడు రకాలు

షాపులో కనిపించేవన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి. లోపల మాత్రం మూడు వేర్వేరు పద్ధతులు.

ఒకటి, రబ్బరు మొన పెన్ను. వంద, రెండు వందలకు దొరుకుతుంది. ఇందులో ఏ యంత్రమూ లేదు, మీ వేలికి బదులు తెరను తాకుతుంది, అంతే. ఇది పెన్నో, వేలో, అరచేయో ట్యాబ్‌కు తెలియదు. అందుకే చేయి తెరకు ఆనిస్తే గీతలు పడతాయి. చేయి గాల్లో పట్టుకుని రాయాల్సి వస్తుంది. అలా రెండు లైన్లు రాసి చూడండి, భుజం నొప్పి పుడుతుంది. చదువుకు ఇది పనికిరాదు.

రెండు, బ్యాటరీ ఉన్న పెన్ను. ఆపిల్ పెన్సిల్ ఈ రకమే. షావోమీ, వన్‌ప్లస్ ట్యాబ్‌ల పెన్నులూ ఈ రకమే. పెన్నే తెరకు సంకేతం పంపుతుంది కాబట్టి పెన్ను ఎక్కడుందో ట్యాబ్‌కు స్పష్టంగా తెలుస్తుంది, ఆనిన అరచేతిని వదిలేస్తుంది. దీన్ని చార్జ్ చేస్తూ ఉండాలి. సెలవుల్లో నెలల తరబడి పక్కన పడేస్తే బ్యాటరీ పాడయ్యే ప్రమాదం ఉంది.

మూడు, బ్యాటరీ లేకుండానే రాసే పెన్ను. శాంసంగ్ ఎస్ పెన్ ఈ రకం. జపాన్ కంపెనీ వాకామ్ పేరు తెచ్చిన పద్ధతి ఇది. తెర కింద ఉన్న పొర బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పెన్నులోని చిన్న తీగచుట్ట దాని నుంచే శక్తి తీసుకుని తిరిగి సంకేతం ఇస్తుంది. కొన్ని ఎస్ పెన్నులకు చార్జింగ్ ఉంటుంది గానీ అది దూరం నుంచి ఫోటో తీయడం లాంటి అదనపు పనులకే, రాయడానికి కాదు. అయితే ఆ పొర ఉన్న మోడళ్ల మీదే ఈ పెన్ను రాస్తుంది. అదే కంపెనీ ట్యాబ్ ఏ9, ఏ9 ప్లస్‌ల మీద ఎస్ పెన్ పనిచేయదు.

ఇదంతా మన ఊరికి కొత్త పాఠమేమీ కాదు. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్ తొలి విడత హైదరాబాద్‌లోనే తయారైంది. ధర రెండు వేల పైచిలుకు మాత్రమే. దాని తెర నొక్కితే పనిచేసే రకం. గోరుతో నొక్కినా, పెన్సిల్ వెనక భాగంతో నొక్కినా తీసుకునేది. కానీ ఏది పెన్ను, ఏది చేయి అని విడదీయలేకపోయేది. ధర తక్కువ కావడం ఒక సుగుణం, రాతకు పనికిరావడం ఇంకొకటి. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

పాతబస్తీ పిల్లల అవసరం వేరు

పాతబస్తీలో చదివే పిల్లల చేతికి పని ఎక్కువ. 2018లో వచ్చిన తెలంగాణ చట్టం ప్రకారం ఒకటి నుంచి పది వరకు అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి. ఇంగ్లిష్, హిందీ ఎలాగూ ఉన్నాయి. చాలామంది ఇళ్లలో ఉర్దూ, అరబ్బీ కూడా రాస్తారు. నాలుగైదు లిపులు రాసే పిల్లల కోసం పెన్ను ఎంచుకునేటప్పుడు ఇంగ్లిష్‌లో పేరు రాసి చూసి సరే అనుకుంటే సరిపోదు.

ఉర్దూలో 'బే'కు కింద ఒక చుక్క, 'పే'కు కింద మూడు, 'తే'కు పైన రెండు. అక్షరం ఒకటే, చుక్కలే తేడా. మెల్లగా తాకితే చుక్క పడని పెన్నుతో 'పే' కాస్తా 'బే' అయిపోతుంది. తెలుగులో ఒత్తులు, గుడి, సుడి, తలకట్టు చిన్న చోట పడాలి. మొన తాకిన చోటికి, గీత పడిన చోటికి మధ్య కాస్త ఎడం ఉన్నా 'రాష్ట్రం' అన్న మాటలో ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

ఇంకో విషయం. తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తాం కాబట్టి కుడిచేతి వాటం పిల్లల చేయి ఖాళీ చోటు మీద కదులుతుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది, చేయి అప్పుడే రాసిన లైను మీదే ఆనుతుంది. ఎడమచేతి వాటం పిల్లలకు తెలుగు, ఇంగ్లిష్‌లతో ఇదే ఇబ్బంది. అరచేతిని సరిగా వదిలేయని ట్యాబ్ అయితే రాసిన మాటల మీదే అడ్డగీతలు వస్తాయి. మీ ఇంట్లో ఉర్దూ రాసే పిల్లలు గానీ, ఎడమచేతి వాటం పిల్లలు గానీ ఉంటే అరచేతి పరీక్షను అస్సలు వదలకండి.

చార్మినార్ దగ్గరి ఛత్తా బజార్ ఇప్పుడు పెళ్లి పత్రికల ముద్రణకు పేరు. కంప్యూటర్లో ఉర్దూ అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్ రాకముందు ఆ పత్రికల మాటలను కాతిబ్‌లు చేత్తో రాసేవారు. వాళ్ల కలం వెదురు లాంటి పుల్లను ఏటవాలుగా కోసి చేసినది. దాన్ని ఏ కోణంలో పట్టుకుంటే గీత అంత లావు, అంత సన్నం. అక్షరం కొలత కూడా ఆ కలంతో పెట్టిన చుక్కతోనే. ట్యాబ్ పెన్నుల ప్రకటనల్లో కనిపించే రెండు మాటలు ఇక్కడే అర్థమవుతాయి. 'ప్రెషర్' అంటే ఒత్తిడిని బట్టి గీత లావు మారడం, 'టిల్ట్' అంటే పెన్ను వంపును బట్టి మారడం. ఎస్ పెన్‌కు 4,096 ఒత్తిడి స్థాయిలని కంపెనీ చెబుతుంది. ఆపిల్ యూఎస్‌బీ-సి పెన్సిల్‌కు వంపు తెలుస్తుంది గానీ ఒత్తిడి తెలియదు. కలాన్ని వేళ్ల మధ్య తిప్పితే పాళీ తిరిగినట్టు గీత మారడం 2024లో వచ్చిన ఆపిల్ పెన్సిల్ ప్రోలో ఉంది.

ఇవన్నీ మీకు కావాలా? లెక్కలకు, నోట్స్‌కు అక్కర్లేదు. ఒత్తిడి తెలియని పెన్నుతో కూడా భిన్నాలు, సమీకరణాలు చక్కగా రాయొచ్చు. పిల్లలు బొమ్మలు బాగా గీస్తున్నా, ఖత్తాతీ నేర్చుకుంటున్నా ఒత్తిడి తెలిసే పెన్నే తీసుకోండి. అప్పుడు కూడా ఖత్తాతీ మొదట నేర్వాల్సింది నిజమైన కలంతో, కాగితం మీదే.

ధర లెక్క ఇలా వేయండి

ట్యాబ్ ధర చూసి పోల్చకండి. రాయడానికి సిద్ధంగా ఉన్న ట్యాబ్ ధర చూసి పోల్చండి. ఒక ఉదాహరణ. 2025లో మన దేశంలో విడుదలైనప్పుడు మామూలు ఐప్యాడ్ ధర 34,900 రూపాయలు, శాంసంగ్ ట్యాబ్ ఎస్10 ఎఫ్ఈ ధర 42,999 రూపాయలు. ఎనిమిది వేల తేడా కనిపిస్తోంది. కానీ శాంసంగ్‌కు పెన్ను డబ్బాలోనే వస్తుంది. ఐప్యాడ్‌కు యూఎస్‌బీ-సి పెన్సిల్ విడిగా కొనాలి, దాని ధర 7,900. మొత్తం 42,800. తేడా 199 రూపాయలకు దిగింది! ఆ తర్వాత ధరలు మారి ఉండొచ్చు, పండగ ఆఫర్లూ వస్తుంటాయి. మీరు కొనే రోజు ధరలతో ఇదే లెక్క వేయండి.

ఆ లెక్కలో ఇవి కూడా కలపండి: కవరు, స్క్రీన్‌గార్డ్, అదనపు మొనలు. కాగితంలా గరుకుగా ఉండే స్క్రీన్‌గార్డ్ వేస్తే రాయడం హాయిగా ఉంటుంది కానీ మొన త్వరగా అరుగుతుంది. ఆ మొనలు విడిగా దొరుకుతాయో లేదో ముందే అడగండి.

ఒక కంపెనీ పెన్ను ఇంకో కంపెనీ ట్యాబ్ మీద రాస్తుందని నమ్మకండి. ఒకే కంపెనీలో కూడా అన్నీ అన్నిటికీ సరిపోవు. 2022లో, 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్‌ల మీద మొదటి తరం పెన్సిల్, యూఎస్‌బీ-సి పెన్సిల్ రాస్తాయి. రెండో తరం పెన్సిల్, పెన్సిల్ ప్రో రాయవు. దుబాయ్ నుంచో, అమెరికా నుంచో బంధువులు పంపిన పెన్సిల్ ఇంట్లో ఉందని దానికి తగ్గట్టు ట్యాబ్ కొనేముందు మోడల్ సరిచూసుకోండి. ఐప్యాడ్ మీద రాసే వేరే కంపెనీల పెన్నులు తక్కువ ధరకు దొరుకుతాయి. అరచేతి పరీక్షలో నెగ్గితే నోట్స్‌కు అవి చాలు. ఒత్తిడి తెలియడం మాత్రం వాటి నుంచి ఆశించకండి.

షాపులో పది నిమిషాల పరీక్ష

కోఠి, అబిడ్స్, సికింద్రాబాద్, ఎక్కడ కొన్నా సరే, మీ అబ్బాయినో అమ్మాయినో వెంట తీసుకెళ్లండి. రాసేది వాళ్లు, మీరు కాదు. షాపువాళ్లను డెమో ట్యాబ్, దానికి సరిపోయే పెన్ను అడగండి. పెన్ను చూపించలేని చోట రాయడానికి ట్యాబ్ కొనకండి.

1. అరచేయి: నోట్‌బుక్ మీద ఆనించినట్టే చేయి పూర్తిగా ఆనించి ఐదు లైన్లు రాయమనండి. అడ్డగీతలు పడ్డాయా? పేజీ దానంతటదే జరిగిందా?

2. చుక్కలు: మెల్లగా తాకుతూ పది చుక్కలు పెట్టమనండి. లెక్కపెట్టండి. పదీ పడాలి.

3. ఒత్తులు: 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్యోత్స్న' అన్న మాటలు మామూలు సైజులో రాయమనండి. ఒత్తులు విడివిడిగా చదవగలగాలి.

4. వేగం: డిక్టేషన్ చెప్పినట్టు మీరు గబగబా ఒక వాక్యం చెప్పండి. పెన్ను వెనకాల గీత ఆలస్యంగా వస్తే వేగంగా రాసే పిల్లలకు చిరాకు పుడుతుంది.

5. ఏటవాలు గీత: స్కేలు పెట్టి తెర మీద మూల నుంచి మూలకు నెమ్మదిగా ఒక గీత గీయమనండి. గీత పాములా వంకర్లు తిరిగితే జామెట్రీ బొమ్మలు సరిగా రావు.

6. పేజీ: ఏ4 సైజు వర్క్‌షీటు పీడీఎఫ్ తెరిచి ఖాళీల్లో రాయమనండి. 10, 11 అంగుళాల తెర అంటే సుమారుగా ఏ4 కాగితంలో సగం. పెద్ద చేయి చేయకుండా రాయగలుగుతున్నారో లేదో చూడండి. 8 అంగుళాల తెర మీద ఇది కష్టం.

7. తెలుగు: రాసిన చేతిరాతను టైపు అక్షరాలుగా మార్చే సదుపాయం కావాలంటే తెలుగులోనే రాసి చూడండి. ఇంగ్లిష్‌లో చూపించి తెలుగుకూ వస్తుందంటే ఒప్పుకోకండి. గూగుల్ జీబోర్డ్‌లో తెలుగు చేతిరాత ఉంది, దాన్ని పెట్టించి చూడొచ్చు.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. వారంటీ ట్యాబ్‌కూ పెన్నుకూ విడివిడిగా ఎంత కాలమో, సర్వీస్ సెంటర్ ఎక్కడో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు ఎన్నేళ్లు వస్తాయో అడగండి. ఆరో తరగతిలో కొన్నది పదో తరగతి దాకా రావాలి కదా.

ఏ తరగతికి ఏది?

మూడో తరగతి లోపు: పెన్ను ట్యాబ్ అక్కర్లేదు. పలక, పెన్సిల్, రూళ్ల పుస్తకం చాలు. పెన్సిల్ పట్టు కుదరాల్సింది ఈ వయసులోనే. కొన్ని వందలకు దొరికే ఎల్‌సీడీ పలక దిద్దుకోవడానికి బాగుంటుంది. అందులో రాసింది దాచుకోలేమని మాత్రం తెలుసుకోండి.

నాలుగు, ఐదు: ఇంట్లో ఉన్న ఫోనో, ల్యాప్‌టాపో చాలు. బొమ్మల మీద ఆసక్తి గట్టిగా ఉంటే తప్ప ఆగండి.

ఆరు నుంచి ఎనిమిది: పెన్ను ట్యాబ్ ఉపయోగపడే వయసు ఇక్కడ మొదలవుతుంది. లెక్కల్లో అడుగులు రాయడానికి, సైన్స్ బొమ్మలకు పేర్లు పెట్టడానికి పనికొస్తుంది. ఒత్తిడి స్థాయిల కోసం ఎక్కువ ఖర్చు వద్దు.

తొమ్మిది, పది, ఇంటర్: పీడీఎఫ్ మెటీరియల్ ఎక్కువ. దాని మీదే గుర్తులు పెట్టుకుంటూ చదివేవాళ్లకు మంచి సాధనం. ఏడాదంతా వాడిన నోట్స్‌ను పీడీఎఫ్‌గా బయటికి తీసి దాచుకునే వీలుండాలి. లేకపోతే తర్వాత బ్రాండు మారినప్పుడు పాత నోట్స్ చిక్కులో పడతాయి.

ఇంట్లో ఇప్పటికే కంప్యూటర్ ఉంటే ఇంకో దారి ఉంది. వాకామ్, ఎక్స్‌పీ-పెన్, హుయాన్ లాంటి కంపెనీలు తెర లేని రాత పలకలు అమ్ముతాయి. కంప్యూటర్‌కు తగిలించి కింద పలక మీద రాస్తుంటే గీత తెర మీద కనిపిస్తుంది. పెన్ను ట్యాబ్ ధరలో చిన్న భాగానికే వస్తాయి. చూపు ఒకచోట, చేయి ఒకచోట ఉండటం అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. బొమ్మలకు బాగుంటాయి, పేజీలకు పేజీలు నోట్స్ రాయడానికి అంతగా కుదరవు.

కొన్నాక

మొదటి నెల ఒక నియమం పెట్టుకోండి: పెన్ను చేతిలో ఉంటేనే ట్యాబ్ తెరవాలి. లెక్కలు ట్యాబ్ మీద చేసినా, వారానికి కనీసం రెండు రోజులు అవే లెక్కలు గడియారం పెట్టి నోట్‌బుక్‌లో చేయించండి. రెండు రాతలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కాగితం మీద అక్షరాలు పెద్దవై, లైను తప్పుతుంటే ట్యాబ్ సమయం తగ్గించాలి. వారం చివర పెన్ను ఎన్ని పేజీలు రాసిందో చూడండి. రెండు మూడు పేజీలు కూడా లేకపోతే తిట్టకుండా కారణం అడగండి. చేయి నొప్పి పుడుతోందా, పెన్ను చార్జ్ అయిపోతోందా, లేక నోట్‌బుక్కే సుఖంగా ఉందా?

నోట్‌బుక్కే సుఖమని చెబితే సంతోషించండి. పరీక్ష రాయాల్సింది దాని మీదే. ఇంకా కొనకముందే ఆ సంగతి తెలుసుకోవాలంటే, షాపుకు వెళ్లే ముందు వారం రోజులు బంధువులదో, స్నేహితులదో పెన్ను ట్యాబ్ రోజూ కాసేపు అడిగి తీసుకుని రాయించండి. కొనాలో వద్దో, కొంటే ఏది కొనాలో ఆ వారంలో పిల్లలే తేల్చి చెబుతారు.